క్యాన్సర్ తగ్గింది, మూత్రసంచి మాటేమిటి?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే చోట ఆగిపోతాయి. టీకా వేయించండి, పరీక్ష చేయించుకోండి, ముందే గుర్తిస్తే నయమవుతుంది అని చెప్పి ముగిస్తాయి. నయమైన మనిషి ఆ తర్వాత ఎట్లా బతుకుతోందన్నది ఎవరికీ పట్టదు. 2022లో మన దేశంలో కొత్తగా 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకు ఈ జబ్బు వచ్చిందని, దాదాపు 80,000 మంది దీనితో చనిపోయారని గ్లోబోకాన్ అంచనా. వైద్యంతో గట్టెక్కి మన మధ్య తిరుగుతున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో ఎంతోమందికి క్యాన్సర్ కన్నా ఎక్కువ కాలం వెంట ఉండేది మూత్రం బాధ. కొందరికి ఒంటేలు ఆగదు, కొందరికి రాదు. మంట, రక్తం, రాత్రికి ఆరేడుసార్లు లేవడం. చెప్పుకుందామంటే సిగ్గు. చెప్పినా, ప్రాణం దక్కింది కదమ్మా అన్న జవాబు.

ఈ ప్రశ్నను కాజీపల్లి నుంచి చూడటానికి కారణం ఉంది. సంగారెడ్డి జిల్లాలో జిన్నారం, బొల్లారం, గడ్డపోతారం చుట్టూ పరచుకున్న ఈ పారిశ్రామికవాడలో మందుల, రసాయనాల ఫ్యాక్టరీలే ఎక్కువ. ఊరి ఆడవాళ్లూ, బయటి జిల్లాల నుంచీ రాష్ట్రాల నుంచీ వలస వచ్చిన ఆడవాళ్లూ కాంట్రాక్టరు కింద ప్యాకింగులో, ఊడ్చే పనిలో, క్యాంటీనులో షిఫ్టు లెక్కన పనిచేస్తారు. మూత్రం బాధతో ఇంట్లో ఉండటం వేరు, ఎనిమిది గంటలు సూపర్‌వైజర్ కళ్ల ముందు నిలబడటం వేరు. ఇంకో కారణం ఇక్కడి చెరువు. దాని సంగతి తర్వాత.

ముందు ఒక అపోహ తీసేయాలి. కాజీపల్లి ఉన్న పటాన్‌చెరు బెల్టులో ఎవరికి ఏ జబ్బు వచ్చినా వేలు ఫ్యాక్టరీల వైపే పోతుంది. అట్లా పోవడానికి చరిత్ర ఉంది. ఇక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు కేసు వెళ్లింది. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి దాని మీద కొట్లాడారు. కానీ ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్. ఆ సంగతి తేల్చినందుకే జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. కాలుష్యం మీద కోపం న్యాయమైనదే, ఈ జబ్బును మాత్రం దాని ఖాతాలో రాయలేం.

మూత్రసంచికి దెబ్బ ఎందుకు తగులుతుందో తెలియాలంటే కడుపులో ఏది ఎక్కడుందో చూడాలి. గర్భాశయానికి సరిగ్గా ముందు, ముఖద్వారానికి ఆనుకునే మూత్రసంచి ఉంటుంది. కిడ్నీల నుంచి మూత్రం తెచ్చే సన్నటి నాళాలు రెండూ ముఖద్వారానికి అటూ ఇటూ ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలోనే సాగుతాయి. మూత్రసంచికి నిండిందన్న కబురు తెచ్చే నరాలూ, దాన్ని పిండే నరాలూ గర్భాశయాన్ని వెనక నుంచి, పక్కల నుంచి పట్టి ఉంచే బంధనాల గుండానే పోతాయి. కత్తి పెట్టినా కిరణాలు పెట్టినా ఈ ఇరుగుపొరుగును పూర్తిగా తప్పించడం కష్టం.

జబ్బు తొలిదశలో దొరికితే చేసేది రాడికల్ హిస్టరెక్టమీ. మన ఊళ్లలో అందరికీ తెలిసిన గర్భసంచి ఆపరేషన్ కాదిది. గర్భాశయంతోపాటు చుట్టూ ఉన్న కణజాలాన్నీ, యోని పైభాగాన్నీ, లింఫ్ గ్రంథులనూ తీస్తారు. 1898లో వియన్నాలో ఎర్నెస్ట్ వెర్ట్‌హైమ్ దీన్ని మొదలుపెట్టారు. ఆ బంధనాలను కోసినప్పుడు వాటిలోని నరాలూ తెగుతాయి. ఆపరేషన్ తర్వాత మూత్రసంచి నిండినా తెలియదు, తెలిసినా ఖాళీ కాదు. పొట్ట బిగబట్టి తోస్తే కొంత వస్తుంది, కొంత లోపలే ఉండిపోతుంది. చాలామందిలో వారాల్లో, నెలల్లో నరాలు కోలుకుంటాయి. కొందరిలో కోలుకోవు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఖాళీ కాని సంచి పొంగి పొర్లి చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఆమె వచ్చి, మూత్రం ఆగడం లేదు అంటుంది. ఆగకపోవడం, ఖాళీ కాకపోవడం పైకి ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఆగని మూత్రానికని సంచిని సడలించే మాత్ర రాసిస్తే, ఖాళీ కాని సంచిలో మూత్రం ఇంకా నిలిచిపోతుంది. తేడా తేల్చడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మూత్రం పోసి వచ్చిన వెంటనే అల్ట్రాసౌండ్‌లో లోపల ఎంత మిగిలిందో చూస్తే చాలు. ఆపరేషన్‌లో పెట్టిన మూత్రం పైపు తీసేటప్పుడు మిగులు 100 మిల్లీలీటర్ల లోపు ఉంటే సరేనని చాలా ఆసుపత్రుల లెక్క. ఆ కొలత లేకుండా పైపు తీసి ఇంటికి పంపడం నా దృష్టిలో సగం వైద్యమే.

మిగులు ఎక్కువగా ఉన్నవాళ్లకు మందుల కన్నా మంచి ఉపాయం 1972 నుంచీ ఉంది. అమెరికాలో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు చూపించిన పద్ధతి ఇది. చేతులు శుభ్రంగా కడుక్కుని సన్నటి పైపును రోజుకు నాలుగైదుసార్లు తానే పెట్టుకుని మూత్రం తీసేయడం. స్టెరిలైజ్ చేసిన గది అక్కర్లేదు, శుభ్రత చాలు. నేర్పడానికి ఓపికున్న నర్సు కావాలి, నేర్చుకోవడానికి అద్దం, కాస్త చాటు కావాలి. నెలల తరబడి పైపూ ప్లాస్టిక్ సంచీ తగిలించుకుని తిరిగే మనిషి దీనితో మళ్లీ పనికి పోగలదు. మన దగ్గర దీన్ని నేర్పేవాళ్లు తక్కువ, శాశ్వతంగా పైపు ఉంచి పంపేసేవాళ్లు ఎక్కువ.

నరాలను కాపాడుకుంటూ కోసే విద్య జపాన్‌లో పెరిగింది. 1921లో ఒకబయాషి వర్ణించిన ఆపరేషన్‌ను తర్వాతి తరాలు ఆ దారిలో తీర్చిదిద్దాయి. అయితే ఈ మధ్య వచ్చిన పెద్ద మార్పు ఇంకొకటి. రెండు సెంటీమీటర్లకు మించని, ప్రమాదం తక్కువున్న గడ్డలకు అసలు అంత పెద్ద ఆపరేషన్ అవసరమా అని 700 మంది మీద చేసిన షేప్ అనే పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. మామూలు హిస్టరెక్టమీ చేసినవాళ్లలో మూడేళ్లకు పొత్తికడుపులో జబ్బు తిరగబెట్టింది 2.5 శాతం మందికి, రాడికల్ చేసినవాళ్లలో 2.2 శాతం మందికి. అంటే దాదాపు సమానం. కానీ నాలుగు వారాల తర్వాత కూడా మూత్రం బిగుసుకుపోయినవాళ్లు మొదటి వర్గంలో 0.6 శాతం, రెండో వర్గంలో 9.9 శాతం. తొలిదశలో జబ్బు పట్టుకుంటే ప్రాణంతోపాటు మూత్రసంచీ దక్కుతుందని చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు లేదు. మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు 2 శాతం కూడా లేరని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అందుకే షేప్ ఫలితం మనలో చాలామందికి అందని ద్రాక్షే.

మన దగ్గర ఎక్కువమంది వచ్చేది జబ్బు ముదిరాకే. వాళ్లకు కత్తి కాదు, కరెంటు. దాదాపు ఐదు వారాలపాటు బయటి నుంచి రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ మందు, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. మందూ కిరణాలూ కలిపి ఇవ్వడం 1999 నుంచి ప్రపంచమంతటా ప్రమాణమైంది. 1955లో మొదలైన రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి తెలంగాణ పల్లెల నుంచి ఆడవాళ్లు వచ్చేది చాలావరకు ఈ వైద్యానికే.

రేడియేషన్ బాధలు రెండు దఫాలుగా వస్తాయి. మొదటి దఫా రెండు మూడు వారాలకే మొదలవుతుంది. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం. వైద్యం ముగిశాక కొన్ని వారాల్లో ఇది తగ్గిపోతుంది. అందరూ హెచ్చరించేది దీని గురించే. రెండో దఫా గురించే ఎవరూ చెప్పరు. ఆరు నెలలకు రావచ్చు, ఇరవై ఏళ్లకూ రావచ్చు. కిరణాలు తగిలిన చోట సన్నటి రక్తనాళాలు మెల్లగా మూసుకుపోతాయి, కండరం నారలా గట్టిపడుతుంది, లోపలి పొరలో పలచటి కొత్త నాళాలు పుట్టి చిట్లుతుంటాయి. నాలుగైదు వందల మిల్లీలీటర్లు పట్టే సంచి ఎండిన తోలులా ముడుచుకుపోయి అందులో మూడో వంతు కూడా పట్టని స్థితికి రావచ్చు.

ఎంతమందికి? అమెరికాలో ఎండీ యాండర్సన్ ఆసుపత్రి తన పాత రోగుల లెక్క తీసి 1994లో ప్రచురించింది. తొలిదశ జబ్బుకు రేడియేషన్ తీసుకున్న 1,784 మందిలో 116 మందికి, అంటే 6.5 శాతానికి, మూత్రసంచి నుంచి రక్తస్రావం వచ్చింది. వైద్యానికీ రక్తానికీ మధ్య మధ్యస్థ విరామం దాదాపు మూడేళ్లు. ఎంఆర్ఐ చూసి బ్రాకీథెరపీ ఇచ్చే ఆధునిక పద్ధతి మీద ఎంబ్రేస్ అనే అంతర్జాతీయ అధ్యయనం 2021లో ఫలితాలిచ్చింది. ఐదేళ్లకు నూటికి 92 మందిలో గడ్డ అదుపులో ఉంది. అయినా మూత్రవ్యవస్థకు తీవ్రమైన హాని 6.8 శాతం మందిలో, ఫిస్టులా (అవయవాల మధ్య గోడకు కన్నం) 3.2 శాతం మందిలో కనిపించింది. యంత్రం ఎంత బాగున్నా ఈ ముప్పు సున్నా కాదన్నమాట. తీవ్రం కాని బాధలు ఈ లెక్కల్లోకి రావు. ఫ్యాక్టరీలో నిలబడే మనిషికి మాత్రం గంటకోసారి మరుగుదొడ్డికి పరుగెత్తడం కూడా తీవ్రమే.

రేడియేషన్‌కు వచ్చేటప్పుడు నీళ్లు తాగి మూత్రసంచి నిండుగా ఉంచుకోమని టెక్నీషియన్ చెబుతాడు. ఎందుకో చెప్పడు. సంచి నిండితే పేగులు పైకి జరిగి కిరణాల దారి నుంచి తప్పుకుంటాయి. సంచిలో కొంత భాగమూ పైకి పోతుంది. ఈ ఒక్క వాక్యం చెబితే చాలామంది ఆ క్రమశిక్షణ పాటిస్తారు.

మన తెలుగు రాష్ట్రాలకే ప్రత్యేకంగా తగిలే ముడి ఒకటుంది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందున్నాయి. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో దేశ సగటు 3 శాతం చుట్టుపక్కల ఉంటే ఇక్కడ 8, 9 శాతం. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువవుతోందనో వెళ్తే ముఖద్వారాన్ని పరీక్షించకుండానే ఆపరేషన్ చేసేసే చోట్లున్నాయి. తీసిన గర్భసంచిని ల్యాబుకు పంపితే అప్పుడు క్యాన్సర్ బయటపడుతుంది. పంపకపోతే అదీ లేదు. అప్పుడు ఆ చిన్న ఆపరేషన్ చాలదు గనుక దాని మీద రేడియేషన్ ఇవ్వాలి. గర్భాశయం ఉండాల్సిన ఖాళీలోకి పేగులూ మూత్రసంచీ జారి నేరుగా కిరణాల దారిలో పడతాయి. కోతా కిరణాలూ రెండూ పడితే హాని పెరుగుతుందని ఇటలీ వైద్యుడు లండోనీ బృందం 1997లోనే చూపించింది. 343 మందిని రెండు వర్గాలుగా చేస్తే బతికినవాళ్ల శాతం రెండింట్లోనూ సమానం. తీవ్ర హాని మాత్రం ఆపరేషన్ వర్గంలో 28 శాతం, రేడియేషన్ వర్గంలో 12 శాతం. ఆపరేషన్ వర్గంలో మూడింట రెండు వంతుల మందికి తర్వాత రేడియేషన్ కూడా ఇవ్వాల్సి వచ్చింది. ముఖద్వారం పరీక్ష చేయకుండా గర్భసంచి తీయడాన్ని నేరంగా చూడాలని నేనంటే అతి అనిపించవచ్చు. ఆ తర్వాత జరిగేది చూసినవాళ్లు అనరు.

నొప్పి లేకుండా చంపేది కిడ్నీ దెబ్బ. గడ్డ వల్లగానీ, కిరణాల మచ్చ వల్లగానీ మూత్రనాళం బిగుసుకుంటే వెనక కిడ్నీ ఉబ్బుతుంది. ఒకవైపే అయితే ఏమీ తెలియకపోవచ్చు. అందుకే ఏటా ఒక అల్ట్రాసౌండ్, ఒక క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. నాళం బిగుసుకుంటే లోపల డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం వేస్తారు, వీలుకాకపోతే వీపు నుంచి కిడ్నీలోకి పైపు పెడతారు. స్టెంట్‌ను కొన్ని నెలలకోసారి మార్చాలి. మరిచిపోతే దాని మీద రాళ్లు కట్టి అదే కిడ్నీకి శత్రువవుతుంది. వేసిన తేదీ, మార్చాల్సిన తేదీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వకపోవడం వల్ల మనదేశంలో ఎన్నో స్టెంట్లు మరుగునపడి ఉంటాయి. ఉబ్బిన కిడ్నీ మీద ఒంటినొప్పులకని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు పడితే మిగిలిందీ పోతుంది.

ఫిస్టులా గురించి చెప్పాలంటే మాటలు కూడదీసుకోవాలి. మూత్రసంచికీ యోనికీ మధ్య గోడకు కన్నం పడితే పగలూ రాత్రీ తేడా లేకుండా మూత్రం కారుతూనే ఉంటుంది. తొడల చర్మం ఒరిసిపోతుంది, వాసనకు మనుషులు దూరం జరుగుతారు, ఆమే బస్సెక్కడం మానేస్తుంది. మూత్రసంచిలోకి నీలం మందు ఎక్కించి యోనిలో పెట్టిన దూది రంగు మారుతుందేమో చూసే చవకైన పరీక్షతో దీన్ని కనిపెట్టవచ్చు. ఆపరేషన్ వల్ల పడ్డ కన్నం అయితే చాలాసార్లు కుట్టి బాగుచేయవచ్చు. రేడియేషన్ తర్వాత పడ్డదైతే మొదట అది తిరగబెట్టిన క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. రక్తప్రసరణ లేని చోట కుట్లు నిలవవు కాబట్టి పక్క నుంచి బతికున్న కణజాలం తెచ్చి మధ్యలో పెడతారు. అదీ కుదరకపోతే పేగు ముక్కతో మూత్రానికి పొట్ట మీద కొత్త దారి చేస్తారు. పొట్ట మీద సంచి అంటే మొదట ఏడుస్తారు. తడవని బట్టతో నిద్రపోయిన రాత్రి తర్వాత చాలామంది అభిప్రాయం మారుతుంది.

ఇప్పుడు చెరువు సంగతి. మూత్రంలో మంట అనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ అయినా, మెడికల్ షాపు కుర్రాడైనా చేతికిచ్చేది సిప్రోఫ్లాక్ససిన్ లేదా దాని తోబుట్టువు. రేడియేషన్ తీసుకున్నవాళ్ల మూత్రంలో సూక్ష్మజీవులు లేకపోయినా చీము కణాలు, ఎర్ర కణాలు కనిపిస్తాయి. ల్యాబు కాగితం మీద పస్ సెల్స్ పది పదిహేను అని ఉంటే చాలు, ఇంకో కోర్సు. తగ్గకపోతే ఇంకోటి. లోపలున్నది కిరణాల గాయం అయినప్పుడు యాంటీబయాటిక్ దాన్నేం చేయలేదు.

ఆ మందుకూ ఈ నేలకూ పాత సంబంధం ఉంది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ దొరికింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఒక్కరోజులో బయటికి పోయిన మందు 45 కిలోలని, స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజులు వాడేంత అని వాళ్లు లెక్కకట్టారు. 2014లో కాజీపల్లి చెరువు మట్టిలోని డీఎన్ఏను చదివితే మందులకు లొంగని జన్యువులు స్వీడన్ చెరువుతో పోలిస్తే దాదాపు 7,000 రెట్లు ఎక్కువ కనిపించాయి. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనాన్ని మాత్రం మనవాళ్లు ఉటంకించరు. కాలుష్యానికి దగ్గరున్న ఊళ్ల మనుషుల మలంలో సిప్రోఫ్లాక్ససిన్ జాతి మందులకు లొంగని జన్యువులు దూరపు ఊళ్ల కన్నా ఎక్కువేమీ లేవు. భారతీయుల నమూనాల్లో మొత్తంగానే 91 శాతంలో ఉన్నాయి, స్వీడన్‌వాళ్లలో 24 శాతంలో. అంటే చెరువు దోషం చెరువుదే, కానీ మన కడుపుల్లోకి అవి ఎక్కువగా చేరుతున్నది మనిషి నుంచి మనిషికి. ఎడాపెడా మాత్రలు మింగే అలవాటు దానికి ఎరువు.

ఆచరణలో దీని అర్థం సులువు. మంటా చలిజ్వరమూ ఉంటే మందు మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వాలి. ఏ మందు పనిచేస్తుందో ల్యాబు చెప్పాక దాన్నే, చెప్పినన్ని రోజులు వాడాలి. జ్వరం ఎక్కువగా ఉంటే ఆసుపత్రి వైద్యం కల్చర్ ఫలితం కోసం ఆగదు, అది వేరే సంగతి. కల్చర్‌లో ఏమీ పెరగకపోతే యాంటీబయాటిక్ ఆపి అసలు కారణం వెతకాలి.

రక్తం పడితే వెతుకులాట ఇంకా అవసరం. కిరణాల గాయమే కావచ్చు, తిరగబెట్టిన జబ్బు కావచ్చు, మూత్రసంచికే కొత్తగా వచ్చిన క్యాన్సర్ కావచ్చు. కెమెరా వేసి చూడాల్సిందే. కిరణాల గాయమని తేలాక మెట్లు మెట్లుగా వైద్యం ఉంటుంది. నీళ్లు ఎక్కించడం, రక్తం గడ్డలు కడిగేయడం, పటిక నీళ్లతో సంచిని కడగడం, కారే చోట కాల్చడం. అధిక పీడనంతో ఆక్సిజన్ ఇచ్చే గదిలో 30, 40 విడతలు కూర్చోబెడితే బాధలు తగ్గుతాయని నార్డిక్ దేశాల పరీక్ష 2019లో చూపించింది. దినకూలీ మనిషి అన్ని రోజులు ఎట్లా కూర్చుంటుందన్నది ఆ పరీక్ష అడగని ప్రశ్న.

కాజీపల్లి నుంచి రెడ్‌హిల్స్ వెళ్లాలంటే బొల్లారం మీదుగా మియాపూర్ చేరి మెట్రో పట్టుకోవాలి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, మంచిదే. అరగంట ఆపుకోలేని మనిషికి టికెట్ కన్నా మరుగుదొడ్డి ముఖ్యం. అందుకే ముందురోజు నుంచి నీళ్లు మానేసి బయల్దేరుతారు. ఫ్యాక్టరీలోనూ అదే ఉపాయం. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్‌కు దారి దొరుకుతుంది. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉంది. ఎన్నిసార్లు వెళ్లనివ్వాలో ఏ చట్టమూ చెప్పదు. అది సూపర్‌వైజర్ దయ.

డబ్బు విషయంలో పరిస్థితి మరీ చెడ్డగా లేదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. నెలకు 21,000 లోపు జీతం ఉండి ఈఎస్ఐ కట్టేవాళ్లకు క్యాన్సర్ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది. అర్హత ఉంటే రెండేళ్ల దాకా జీతంలో 80 శాతం వస్తుంది. కాంట్రాక్టరు ఈఎస్ఐ నంబరు ఇచ్చాడా, నెలనెలా కడుతున్నాడా అన్నదే చూసుకోవాలి. జబ్బు వచ్చాక అడిగితే అప్పటికి ఆలస్యం.

లోటు ఉన్నది బాధ్యత దగ్గర. క్యాన్సర్ డాక్టరు గడ్డ తిరిగి వచ్చిందా అని చూసి, రాలేదని సంతోషించి పంపేస్తారు. గైనకాలజిస్టు ఇది క్యాన్సర్ కేసు అంటారు. యూరాలజిస్టు దగ్గరికి ఎవరూ పంపరు. పంపితే అది చాలాసార్లు ఇంకో ఆసుపత్రి, ఇంకో క్యూ. ఈ ముగ్గురినీ కలపడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. చెకప్ కార్డు మీద నాలుగు ప్రశ్నలు అచ్చువేస్తే చాలు: మూత్రం ఆగుతోందా, పూర్తిగా వస్తోందా, రక్తం కనిపించిందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు. నర్సమ్మే అడగవచ్చు. ఆశా కార్యకర్తలకు బీపీ, షుగర్ అడగడం నేర్పినట్టే ఇదీ నేర్పవచ్చు.

వైద్యం పూర్తయినవాళ్లకూ, వాళ్ల ఇంటివాళ్లకూ ఒక మనవి. ఎన్ని సిట్టింగులు, ఎంత డోసు ఇచ్చారో రాసిన రేడియేషన్ కాగితాన్ని పారేయకండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచండి. పదిహేనేళ్ల తర్వాత మూత్రంలో రక్తం కనిపించినా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించి, నాకు ఇక్కడ కరెంటు పెట్టారు అని చెప్పండి.